మూల సీటుకి ఎడమ పక్క

పటాలు గీసే ఆఫీసు నాలుగో అంతస్తులో ఉండేది. అందులో మూల సీటు గురించి మీరు విన్నారో లేదో నాకు తెలీదు. వినకపోతే ఇప్పుడు చెబుతాను. ఇంట్లో ఒక్కరే ఉంటే మాత్రం పొద్దున వినండి, నన్ను తర్వాత తిట్టుకోవద్దు.

ఆ సీట్లో కూర్చున్నవాళ్ళెవరూ మూడు నెలలు నిలవలేదు. మొదటాయనకి కళ్ళ వెంట ఒకటే ధార. ఏడుపూ కాదు, దిగులూ కాదు, ఊరికే నీళ్ళు. తుడుచుకుని తుడుచుకుని, తల పగిలిపోతోందని సెలవు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే పోయాడు. రెండో ఆవిడ గట్టి మనిషి. దెయ్యమూ లేదు గియ్యమూ లేదని దర్జాగా కూర్చుంది. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, పని చేసుకుంటూనే, "కాస్త అవతలకి జరుగుతారా..." అంది. ఎవరితో అందో చూద్దామని తనే తల తిప్పింది. ఇనప బీరువా తప్ప ఏమీ లేదు. మర్నాడు ఆవిడ రాలేదు. మూడో ఆయన చెప్పులు అక్కడే వదిలేసి నాలుగంతస్తులూ ఉరుకులు పరుగుల మీద దిగాడు. ఆ చెప్పులు చాలాకాలం వాచ్‌మన్ బల్ల కిందే పడి ఉన్నాయి.

ముగ్గురూ చెప్పింది ఒకటే. ఎడమ పక్క... బీరువా దగ్గర... ఎవరో నిలబడతారు. తెర వంక చూస్తున్నంతసేపూ ఉంటారు.

తల తిప్పితే — ఉండరు.

ఆ నిలబడేది ఎవరో ఆఫీసులో అందరికీ తెలుసు. పైకి అనరు, అంతే. ఆ సీట్లో పదకొండేళ్ళు పనిచేసిన గీతలక్క. పాత కాగితం పటాల మీద చెరిగిపోతున్న హద్దుల్ని కంప్యూటర్లో మళ్ళీ గీతగీతగా గీయడం వాళ్ళ పని. ఆ పనిలో ఆవిడ చేతికి తిరుగు లేదు, అందుకే ఆ పేరు పడింది. జబ్బు చేసింది, మూడు నెలలు మంచాన ఉంది, పోయింది. ఆ సీటుకి చెడ్డపేరు వచ్చింది ఆ తర్వాతే.

పైకి ఎందుకు అనరంటే, ఆఫీసు మానిటర్లు చూసుకునే మెకానిక్ ఉన్నాడే, ఆయనే ఆవిడ మొగుడు.

ఆయన్ని ఓరచూపు మాస్టారు అనేవాళ్ళు. కొంపదీసి ఆడవాళ్ళ వంక చూసే రకం అనుకునేరు! పాపం, ఆయన ఓరగా చూసింది మానిటర్లనే. అవి లావు మానిటర్ల రోజులు. ముందు గాజు, వెనక గూను, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని బరువు. వాటి మీద బొమ్మ కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది గానీ, అదంతా మన భ్రమ. లోపల ఒక కిరణం పైనుంచి కిందికి గీతగీతగా బొమ్మ గీసుకుంటూ వస్తుంది. కిందికి చేరగానే మళ్ళీ పైనుంచి మొదలు. సెకనుకి ఎనభై అయిదుసార్లు గీస్తే తెర గోడలా నిలబడుతుంది. అరవైసార్లే గీస్తే సన్నగా వణుకుతుంది. ఆ వణుకు సూటిగా చూసేవాడికి అంతగా పట్టుబడదు. కంటి కొసకి తెలుస్తుంది.

అందుకని మాస్టారు తెర వంక చూసేవాడు కాదు. పక్క గోడ వంక చూసేవాడు. చూసి, "ఇది అరవై. పెంచాలి," అనేవాడు. ఎవరైనా కంప్యూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి అంకె తెరిచి చూస్తే అరవయ్యే! ఒకసారీ రెండుసార్లూ కాదు, పాతికేళ్ళు అలాగే చూశాడు. ఆయన మటుకు ఆ అంకె ఎప్పుడూ తెరవడు. "అంకెలు చూసుకోవడం కన్ను లేనివాళ్ళ పని," అనేవాడు. కాస్త పొగరే. ఉండనివ్వండి, చేతిలో పనితనం ఉన్నవాడికి ఆమాత్రం ఉంటుంది.

మూల సీటు సంగతి ఆయనకి వాచ్‌మన్ చెప్పాడు. చెప్పి నాలుక కరుచుకున్నాడు. మాస్టారు మండిపడతాడనుకున్నాడు. మాస్టారు చాలాసేపు ఆ చెప్పుల వంక చూశాడు.

"ఇతనికి కూడా కనిపించిందా?" అన్నాడు చివరికి.

ఆ రాత్రి ఆయనకి కంటి మీద కునుకు లేదు. భయమనుకుంటున్నారా? ఉక్రోషం! పెళ్ళాం మీద ఉక్రోషం. ముఖమైనా తెలియని మనిషికి కనిపించింది, తొమ్మిది నెలలుగా తలుపు చప్పుడైతే చాలు లేచి కూర్చుంటున్న తనకి కనిపించలేదు. ఇంట్లో ఎవరూ లేరు. పిల్లలు లేరు. ముందు గదినిండా బాగుచేయాల్సిన మానిటర్లు, వెనక గదిలో ఈయన. రాత్రిళ్ళు ఒక మానిటర్ ఊరికే వేసి వదిలేసేవాడు, గదిలో కాస్త వెలుగుంటే ఎవరో మెలకువగా ఉన్నట్టుంటుందని. అంత ఒంటరితనం మనిషికి రాకూడదు.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. "ఆ మూల సీటు ఒకసారి చూస్తానండీ," అన్నాడు.

మేనేజరు తల పట్టుకున్నాడు. "చూసి ఏం చేస్తారు మాస్టారూ? సోమవారం తీయించేస్తున్నాను. ఇప్పుడో కొత్తమ్మాయి కూర్చుంటోంది, మూడు వారాలైంది. రోజూ కళ్ళు తుడుచుకుంటూ పోతోంది. సీటు తీసేస్తే ఆ అమ్మాయిని కూర్చోబెట్టడానికి ఇంకో మిషన్ లేదు... ఇంటికి పంపించాల్సిందే."

"ఈ రాత్రి చూస్తాను," అన్నాడు మాస్టారు. ఎందుకు రాత్రంటే ఏం చెబుతాడు? ఆవిడ కనిపించేది రాత్రిళ్ళేనట.

రాత్రి తొమ్మిదింటికి మెట్లెక్కి వెళ్ళాడు. గీతలు స్పష్టంగా కనిపించాలని ఆ గది కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు. మిషన్ల కోసం ఏసీ. దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. ఆ చివర ఒక్క తెర వెలుగు... దాని ముందు శాలువా కప్పుకుని, మిగిలిపోయిన పటం పూర్తి చేస్తూ కొత్తమ్మాయి.

ఆమెకి సీటు కథ ఎవరో చెప్పేశారు. ఈ మాస్టారు ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"భయం లేదా అమ్మాయ్?"

"ఎందుకు లేదు మాస్టారూ, చచ్చేంత ఉంది. కానీ మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. దెయ్యానికి భయపడి ఇంట్లో కూర్చుంటే దెయ్యం వచ్చి వండిపెడుతుందా?"

మాస్టారికి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

ఆమెని లేపి తను కూర్చున్నాడు. అలవాటు కొద్దీ ముందు పక్క గోడ వంక చూశాడు. తెర కదలడం లేదు. వణుకు లేదు, ఏమీ లేదు. తెరది తప్పు కాదన్నమాట. తెరది కాకపోతే... మరి?

కూర్చున్నాడు.

అయిదు నిమిషాలు... పది నిమిషాలు. ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. ఎడమ కంటి కొసని బీరువా మీదే నిలిపి, ముఖం తెర వైపు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి గాజుకి తగిలేంత దగ్గరగా వంగాడు. ముంజేతి మీద వెంట్రుకలు — ఒక్కసారిగా — లేచి నిలబడ్డాయి.

ఆయన కదల్లేదు.

"ఏమోయ్..." అన్నాడు నోట్లోనే. "వచ్చావా?"

తల తిప్పాడు. బీరువా. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, వెంట్రుకలు పడుకున్నాయి. మళ్ళీ గాజు దగ్గర పెట్టాడు, లేచాయి. గాజు మీది కరెంటు! పాతికేళ్ళుగా తనే అందరికీ చెబుతున్న ముచ్చట. తన మీద తనకే కోపం వచ్చింది.

"ఎవరితో మాస్టారూ?" వెనకనుంచి కొత్తమ్మాయి అడిగింది.

"ఎవరితోనూ కాదు తల్లీ. నువ్వొచ్చి కూర్చో. నేను ఇటు నిలబడతాను. ఆ మనిషి కనిపిస్తే చెప్పు. తల తిప్పకు."

ఆమె కూర్చుంది. ఆయన బీరువా పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఆమె పటం మీద హద్దు గీయడం మొదలుపెట్టింది. ఒక గీత... ఇంకో గీత... నాలుగో గీత దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"మాస్టారూ..."

"ఆఁ."

"ఉన్నారు."

"ఎక్కడ?"

"మీ పక్కనే. మీకూ మానిటర్‌కీ మధ్య."

మాస్టారు చూశాడు. ఏమీ లేదు. చెయ్యి చాపాడు — మెల్లగా, మంచం మీద మనిషిని లేపేటప్పుడు చాపినట్టు. చల్లటి గాలి తప్ప ఏమీ తగల్లేదు.

"ఇంకా ఉందా?"

"ఉన్నారు."

ఆయన ఆ గాలిలోనే చెయ్యి ఉంచి నిలబడ్డాడు. ఆయన ఎవరో తెలియదు గనక ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. తల తిప్పేసింది. "పోయారు," అంది. కళ్ళు తుడుచుకుంది. "చూశారా, మళ్ళీ నీళ్ళు."

ఆయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. అది చూసేసరికి ఆమెకి భయం ఎక్కువైంది. భయమేస్తే కొందరు దణ్ణాలు పెడతారు, కొందరు పాటలు పాడతారు. ఈ అమ్మాయి మిషన్ లోపల ఏముందో తెరిచి చూస్తుంది. తెర మీద చకచకా రెండు సెట్టింగుల కిటికీలు తెరిచింది.

"రిజల్యూషన్ పదహారు వందలు పన్నెండు వందలు... రిఫ్రెష్ రేటు అరవై. మాస్టారూ, మిగతా సీట్లన్నీ ఎనభై అయిదు కదా? ఇదేంటి అరవై ఉంది?"

"అరవై ఉండదమ్మా. నేను చూశాను."

"అరవయ్యే ఉంది. రండి, చదవండి."

వంగి చదివాడు. అరవై.

మాస్టారు పక్క సీటు మానిటర్ వేశాడు. అది టంగుమని మోగి వెలిగింది. అది ఎనభై అయిదు. రెంటికీ మధ్య నిలబడి, ఎదుటి గోడ వంక చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. రెండూ ఒకేలా, గోడల్లా నిలబడి ఉన్నాయి.

"నీకు తేడా తెలుస్తోందా అమ్మాయ్?"

"ఎందుకు తెలీదు? ఇది గజగజ వణుకుతోంది. అది కుదురుగా ఉంది. మీకు తెలీడం లేదా?"

తెలీడం లేదు. వయసు మీద పడ్డాక కంటి కొస ఆ వణుకుని పట్టుకోలేదట. ఎప్పుడు పోయిందో కూడా ఆయనకి తెలియకుండా పోయింది. ఆ కన్నుతోనే ఈ ఏడాది ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని తెరలకి "బ్రహ్మాండంగా ఉంది" అని చెప్పి వచ్చాడో!

అప్పుడు గుర్తొచ్చింది. ఈ సీటుకి పదహారు వందలు పెట్టింది తనే. ఆవిడ పోయిన రెండో వారం. పటం ఎక్కువభాగం ఒకేసారి కనిపించాలి, రిజల్యూషన్, అంటే తెర మీద గీతల లెక్క, పెంచమని మేనేజరు అడిగాడు. పెంచాడు. గీతలు ఎక్కువైతే కిరణానికి చుట్టూ తిరిగి రావడానికి టైము చాలదు. ఒక్క మనిషి చీపురు పట్టుకుని పెద్దిల్లు ఊడ్చినట్టే. అందుకని మిషన్ దానంతటదే అరవైకి దిగిపోయింది. తను అంకె చూడలేదు. ఆవిడ కూర్చున్న కుర్చీ వంక చూడలేక, గోడ వంక ఒక్క చూపు చూసి, బాగానే ఉందని దిగిపోయాడు. తెర వణుకుతుంటే ఆ వెలుగు బీరువా నున్నటి తలుపు మీద వణికింది. కూర్చున్నవాళ్ళ కంటి కొసకి అది మనిషి కదిలినట్టు తోచింది. తలనొప్పులూ, కంటినీళ్ళూ అన్నీ అందువల్లే.

ఆ దెయ్యాన్ని అక్కడ నిలబెట్టింది తనేనన్నమాట.

ఇదంతా అమ్మాయికి చెప్పాడు, ఆ కుర్చీ ఎవరిదన్న ముక్క తప్ప. చెబుతున్నంతసేపూ గోడ వంకే చూశాడు. ఆమె మాత్రం ఎగిరి గంతేసినంత పని చేసింది. "అంతేనా! అంటే మార్చేస్తే పోతుందా?"

"పోతుంది."

రిజల్యూషన్ పన్నెండు వందల ఎనభైకి దించాడు. రేటు ఎనభై అయిదుకి పెట్టాడు. తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ వెలిగింది. మధ్యలో చిన్న డబ్బా. 'ఈ మార్పు ఉంచాలా? లేకపోతే పదిహేను సెకన్లలో పాత పద్ధతికి వెళ్ళిపోతాను' అని. కింద అంకె తగ్గుతూ వస్తోంది.

పద్నాలుగు... పదమూడు...

మాస్టారు చెయ్యి మౌస్ మీద ఉంది. వేలు కదలడం లేదు.

వణుకే కావచ్చు. వెలుగే కావచ్చు. అయినా ఈ లోకం మొత్తంలో ఆవిడ ఉందని ఎవరైనా అనే చోటు ఇదొక్కటే. ఇంటి దగ్గర అలాంటి చోటు లేదు.

నాలుగు... మూడు...

తెర నల్లబడి, పాత పద్ధతికి వెళ్ళిపోయింది.

"అయ్యో, నొక్కలేదేం మాస్టారూ?"

"చూడలేదమ్మా."

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ డబ్బా వచ్చింది. ఈసారి ఆమె పక్కనే నిలబడి, రెండు చేతులూ గుండెలకి ఆనించుకుని, అంకె వంకే చూస్తోంది. "సోమవారం నాకిక సీటుండదన్నారు," అంది, ఆయనతో కూడా కాదు, తనలో తను. "మా అమ్మకి ఇంకా చెప్పలేదు."

ఏడు... ఆరు...

మాస్టారు నొక్కాడు.

ఆమె కూర్చుంది. గీసింది. పది గీతలు, ఇరవై గీతలు. ఆగింది, కళ్ళు చిట్లించింది, మళ్ళీ గీసింది. ఆయన బీరువా పక్కనే నిలబడి ఆమె ముఖం వంక చూస్తున్నాడు, డాక్టరు ఏం చెబుతాడోనని చూసినట్టు.

"లేరు," అంది. "నిజంగా లేరు మాస్టారూ! తెర ఎంత హాయిగా ఉందో!"

భయం వదిలేసరికి ఆమె నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. గలగలా నవ్వింది. శాలువా సర్దుకుంది. బ్యాగు భుజాన వేసుకుంది. "ఛీ, వెలుగు వణికితే మనిషనుకున్నాను. ఎవరితోనైనా చెబితే నవ్విపోతారు. అందులోనూ నేను ఎంత వివరంగా చూశాననుకున్నారు! చెయ్యితో సహా..."

"ఏ చెయ్యి?"

"అదే, ఆవిడ చెయ్యి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, పిచ్చిదాన్నంటారని. ఊరికే నిలబడరు మాస్టారూ. మానిటర్ వెనక సందులుంటాయే, వేడి వస్తుంది చూడండి, అక్కడ అరచెయ్యి ఆనించుకుని నిలబడతారు. చలి కాచుకున్నట్టు. కాసేపయ్యాక చెయ్యి తిరగేసి రెండో వైపు పెడతారు."

మాస్టారు బీరువాని పట్టుకున్నాడు.

ఆ సందుల మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదని ఆ గదిలో కాగితం అంటించింది ఆయనే. ఎవరూ పెట్టరు. ఆవిడ కూడా అందరి ముందూ పెట్టేది కాదు. అందరూ వెళ్ళిపోయాక, ఈయన వచ్చి మానిటర్లన్నీ తుడిచేదాకా, ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళడం కోసం ఆవిడ అక్కడ నిలబడి ఉండేది. "వేడి లోపలే ఆగిపోతుందోయ్," అని ఈయన కేకలేసేవాడు. "చలేస్తోందండీ, రెండు నిమిషాలు," అని ఆవిడ చెయ్యి తిరగేసేది. పదకొండేళ్ళు. ఆ గదిలో అప్పుడు వాళ్ళిద్దరే ఉండేవాళ్ళు. ఇంకెవరూ చూడలేదు.

"అది కూడా వణుకేనా మాస్టారూ?" అంది అమ్మాయి. నవ్వు సగంలో ఆగింది. మళ్ళీ బీరువా వంక చూడబోతోంది.

ఆమె సోమవారం ఈ కుర్చీలో కూర్చోవాలి. మంగళవారం కూర్చోవాలి. ఆ తర్వాత ఎన్నేళ్ళో.

"అదీ వణుకేనమ్మా," అన్నాడు మాస్టారు. "కంటి కొసకి ఏదైనా తోస్తుంది. ఇక ఏమీ ఉండదు, నేను చెబుతున్నాగా. నువ్వు నడు, పొద్దుపోయింది. నేను తాళం వేసి వస్తాను."

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు ఒక్కో అంతస్తూ తగ్గుతూ పోయింది.

మాస్టారు కుర్చీలో కూర్చుని అంకెల కిటికీ తెరిచాడు. బాణాన్ని తీసుకెళ్ళి అరవై మీద పెట్టాడు. అలా చాలాసేపు ఉన్నాడు. తర్వాత ఏమీ మార్చకుండా కిటికీ మూసేశాడు.

లేచి మానిటర్ వెనక్కి వెళ్ళి, ఆ సందుల మీద తన అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది. మానిటర్ అన్నాక వెచ్చగానే ఉంటుంది, ఆయనకి తెలీనిదా? చెయ్యి కొంచెం పక్కకి జరిపాడు, ఇంకొకరికి చోటు వదులుతున్నట్టు.

వెళ్ళేటప్పుడు పక్క సీటు మానిటర్ ఆర్పేశాడు. మూల సీటుది ఆర్పలేదు. రాత్రంతా వెలగనీ అని వదిలేసి, బయట తాళం వేసుకుని దిగిపోయాడు. ఆ గదిలో ఏసీ తెల్లవార్లూ ఆడుతూనే ఉంటుంది, చలి ఎక్కువ.